గోళ్లరంగు చుక్క

డాఫిన్‌లో ఆ జనవరి
కిటికీ సగం దాకా మంచు.
మా బాబా పరాస్కా, నాన్నకి అమ్మ,
నలభై ఏళ్లు కట్టెల పొయ్యిని ఏలిన మనిషి
కొత్త కరెంటు పొయ్యి ముందు
పరాయింటికొచ్చినట్టు నిలబడేది.

పైన నాలుగు ఇనపచుట్టలు, కింద ఓవెన్,
ముందు పలకకి అయిదు నాబ్‌లు.
ఇంగ్లీషు అక్షరం ఆమెకి రాదు.
అమ్మ తన గోళ్లరంగు సీసా తెచ్చి
ఆఫ్ ఉన్నచోట ఒక్కో ఎర్రచుక్క పెట్టింది.
"చుక్క పైకొస్తే పొయ్యి నిద్రపోయినట్టు."

బాబా నమ్మలేదు.
కట్టెల పొయ్యి మాట్లాడేది.
చిటపటమనేది, పొగతో దగ్గించేది,
ఆకలేస్తే ఇంకో కట్టె అడిగేది.
ఇది మూగది.
ఎర్రగా ఉన్నప్పుడు సరే,
నల్లబడ్డాక కూడా కాలుస్తుందేం!
నివురుగప్పిన నిప్పు ఆమె ఎరుగును,
నివురైనా లేని నిప్పుని ఎట్లా పోల్చుకోవడం?
మొదటి వారమే ఆమె అరచేతిలో
సగం చుట్ట అచ్చు పడింది.
వెన్న రాయబోతుంటే అమ్మ ఆ చెయ్యి లాగి
కుళాయి కింద పట్టింది,
ఇరవై నిమిషాలు,
అత్తా కోడలూ ఒక్క మాట అనుకోకుండా.

తరవాత నేర్చుకుంది, తన పద్ధతిలో.
మూకుడు పిడి లోపలికి తిప్పేది,
అప్పుడు నా తల సరిగ్గా ఆ ఎత్తు.
ఓవెన్ తలుపు తీసి పక్కకి జరిగి
"ముందు నువ్వు పో" అని ఆవిరితో అనేది.
తడిగుడ్డతో ట్రే పట్టుకోకూడదని
పట్టుకున్నాకే తెలుసుకుంది.
నూనె అంటుకుంటే నీళ్లు కాదు, మూత:
ఇది మాత్రం ఆమే అమ్మకి చెప్పింది.

ఆ రాత్రి
బీట్‌రూట్ బోర్ష్ ఉడుకుతుండగా కరెంటు పోయింది.
కొవ్వొత్తి వెలుగులో, చల్లారేలోగా తాగేశాం.
గిన్నె సింకులోకి వెళ్లింది.
చుట్ట చల్లబడ్డాక దాని మీద
రొట్టె పలక పెట్టింది బాబా,
పలక మీద రేపటి పిండిముద్ద, గుడ్డ కప్పి.
పాత పొయ్యి మీద
ఎన్ని వందల రాత్రులు అలా పెట్టి ఉంటుందో!
దాన్ని మరిచిపోతే ఆరిపోయేది.
ఇదేమో
మనం మరిచిపోయినదాన్ని గుర్తుపెట్టుకుంటుంది.

రెండూ నలభైకి కరెంటొచ్చింది.
ఫ్రిజ్ మూలిగింది.
రేడియో సగం మాటలోంచి
రేపటి మంచు గురించి చెప్పసాగింది.
నిద్రలోనే నేను సంతోషపడ్డాను.
మూడో నంబరు మీద మిగిలిపోయిన చుట్ట
సాయంత్రం ఆగిన పనిని అందుకుంది,
బుద్ధిగా.

రొట్టె వాసన అనుకుని నాకు కలలో ఆకలేసింది.
బాబాకి అది కట్టె వాసన.
చెప్పుల్లేకుండా పరిగెత్తింది.
పొగలో కళ్లు మూసుకుని వేలితో వెతికింది.
మొదటి చుక్క పైనే ఉంది.
రెండోది పైనే.
మూడోది పక్కకి తిరిగి ఉంది.
తిప్పింది.
పాత పొయ్యి పటకారుతో పలకని ఈడ్చి
పెరటి తలుపు తీసి
మంచులోకి విసిరింది, పిండితో సహా.

పొద్దున చూస్తే
మంచులో నలుపలకల గుంట,
రాయైపోయిన పిండి.
పలక అడుగున
చుట్టలు చుట్టలుగా నల్లటి మచ్చ.
పారేద్దామన్నాడు నాన్న.
బాబా దాన్ని కడిగి
మచ్చ కనబడేలా గోడకి ఆనించింది.
ఎందుకని ఎవరం అడగలేదు.

ఇక అప్పట్నించీ కరెంటు పోతే
ఆమె కొవ్వొత్తి దగ్గరికి కాదు,
పొయ్యి దగ్గరికి వెళ్లేది ముందు.
చీకట్లో ఉబ్బెత్తు చుక్కలు తడుముతూ
ఒడిన్, ద్వా, త్రీ, చొతీరి...
ఓవెన్‌ది ఆఖరు.

విన్నిపెగ్‌లో నాది గాజు పొయ్యి.
చుక్క పెడదామంటే నాబ్‌లే లేవు.
ఆపాక కూడా, వేడి పోయేదాకా
ఓ చిన్న ఎర్రదీపం వెలుగుతుంటుంది.
అది ఆరేదాకా వంటింట్లోనే ఉంటాను,
తుడిచిందే తుడుస్తూ.
కరెంటు పోతే ఇది తనే ఆఫ్ అయిపోతుందట,
తిరిగొచ్చినా వెలగదట.
కూడా వచ్చిన పుస్తకంలో రాశారు,
రెండుసార్లు చదివాను.

అయినా మొన్న చీకటి పడగానే
వేళ్లు గాజు మీదికే వెళ్లాయి.
అయిదు దాకా లెక్కపెట్టి
అప్పుడు వెతికాను టార్చి.